కడపలో కొన్న నీలి ఎండ్రకాయల్లో కండ లేదు, అన్నీ నీళ్లే. కొనేటప్పుడు ఏం చూడాలి?

కడప_కారం
పోయిన ఆదివారం మా బావమరిది కుటుంబం బెంగుళూరు నుంచి వచ్చింది. మామూలుగా అయితే మా ఇంట్లో నాటుకోడి, సంగటి. ఈసారి కొత్తగా ఉంటుందని ఎండ్రకాయలు తెద్దామని పొద్దున ఆరున్నరకే చేపల మార్కెట్‌కు పోయినాను. నీలం రంగు, పైన తెల్లటి మచ్చలు, ఒక్కొక్కటి అరచేతికంటే పెద్దది. చూడగానే మనసు పడింది. కిలో 450 చెప్పినాడు, రెండు కిలోలు తీసుకుంటానంటే 420కి ఇచ్చినాడు. ఎనిమిది తూగినాయి.

మా అమ్మ కూర్చుని ఓపిగ్గా శుభ్రం చేసింది. రెండు మాత్రం ముక్కు పగిలే వాసన వచ్చినాయని అవతల పడేసింది. పులుసు బాగా కుదిరింది. తినేటప్పుడు చూస్తే మిగిలిన ఆరింటిలో ఒక్కదాంట్లోనే కండ ఉంది. మిగతావాటి డెక్క (ముందరి పెద్ద కాలు) పగలగొడితే నీళ్లు కారుతున్నాయి, లోపల దారం లాంటి పీచు తప్ప ఏమీ లేదు. 840 రూపాయలు పోయినాయని కాదు నా బాధ. ఇంటికొచ్చిన పిల్లలు ఉత్త పులుసు కలుపుకుని తిన్నారు, అది మనసులో ఉండిపోయింది.

అమ్మినాయన మోసం చేసినాడా, నాకే చూసి కొనడం రాలేదా? సముద్రానికి ఇంత దూరంలో ఉన్నవాళ్లం ఏం చూసి కొనాలో తెలిసినవాళ్లు చెప్పండి.

హంద్రీ_కర్నూలు
బతికున్నవా, ఐసులో పెట్టినవా?

కడప_కారం
ఐసులోవే. బతికున్నవి లేవా అంటే "నీలంవి బతికి రావు సార్" అన్నాడు. అబద్ధం చెప్తున్నాడనుకున్నా.

సంగటి_ముద్ద
ఎండ్రకాయ కొనాలంటే అది నీ వేలు పట్టుకోవాలి. అప్పుడే తాజా. మా తాత మాట ఇది.

సూళ్లూరుపేట_ఐసుబాక్సు
ఆ అమ్మినాయన చెప్పింది అబద్ధం కాదు. నేను ఇరవై ఏళ్లకు పైగా పులికాట్ చుట్టుపక్కల సరుకు కొని రాజంపేట, కడప, ప్రొద్దుటూరు వైపు పంపుతున్నాను. నాకు తెలిసింది చెప్తా, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మీరు ఎండ్రకాయ అనేదాన్నే మేము పీత అంటాం. మన మార్కెట్లకు ఎక్కువగా వచ్చేవి రెండు రకాలు. ఒకటి మడ పీత. ముదురు ఆకుపచ్చగా, నల్లగా ఉంటుంది, డెక్కలు బాగా లావు, తాడుతో కట్టేసి ఉంటుంది. తడి గోనెపట్టా కప్పి నీడన పెడితే నీళ్లు లేకున్నా రోజుల తరబడి బతుకుతుంది. అందుకే దాన్ని విమానంలో ప్రాణంతోనే పరదేశాలకు పంపుతారు. రెండోది మీరు కొన్న నీలి పీత. ఇది బయట కొన్ని గంటలే. వలలోంచి విడిపించేటప్పుడే సగం నీరసపడుతుంది, ఒడ్డుకు చేరేసరికి చాలావరకు పోతాయి. కాబట్టి కడపలో ప్రాణంతో ఉన్న నీలి పీత కోసం వెతకొద్దు. సంగటి_ముద్ద గారి తాత చెప్పింది కాలవలో పట్టిన వాటికి, మడ పీతకు సరిపోతుంది, దీనికి కాదు.

ఇంక మీ నీళ్ల సంగతి. పీత పెరగాలంటే పాత డొప్ప విడిచేయాలి, పాము కుబుసం విడిచినట్టు. కొత్త డొప్ప మెత్తగా ఉండగానే ఒంటి నిండా నీళ్లు పట్టించుకుని ఉబ్బుతుంది, ఆ సైజులోనే డొప్ప గట్టిపడుతుంది. లోపల కండ నిండడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. ఆ మధ్యలో వలకు చిక్కినవి మీ ఇంటికి వచ్చాయి. మేము వాటిని నీళ్ల పీతలు అంటాం.

బాధ ఏమంటే, పైకి చూడటానికి ఇవే అందంగా ఉంటాయి. కొత్త డొప్ప కదా, నాచు లేదు, గీత లేదు, మిలమిల మెరుస్తుంది. అడుగు భాగం పాలలాగ తెల్లగా ఉంటుంది. దాని పక్కనే అడుగున పసుపు పట్టి, డొప్ప మీద చిన్న చిన్న తెల్ల గుల్లలు అతుక్కుని మురికిగా కనిపించేదాన్ని జనం పక్కకు తోసేస్తారు. నిండుగా ఉండేది అదే. డొప్ప మార్చి చాలా కాలమైంది కాబట్టే దాని మీద గుల్లలు పెరిగాయి.

కడప_కారం
అన్నా, నేను సరిగ్గా అదే చేసినా! మురికిగా ఉన్నవి తీసేసి తళతళలాడేవి ఏరుకున్నా. అమ్మినాయన "ఇవి తీస్కోండి సార్" అని వేరేవి చూపించినాడు కూడా. పాతవి అంటగడుతున్నాడని అనుకున్నా.

హంద్రీ_కర్నూలు
అయితే ఆయన మంచోడే. పాపం అనుమానించినావు.

నెల్లూరు_టు_కర్నూలు
నేను పుట్టింది నెల్లూరు, మెట్టింది కర్నూలు. మా అమ్మ లెక్క వేరే. పున్నమి దగ్గర పీతలు కొనకూడదు, లోపల ఖాళీగా, గుల్లగా ఉంటాయి. అమావాస్యకు కొంటే నిండుగా ఉంటాయి. మీరు పోయిన ఆదివారం కొన్నారు కదా, క్యాలెండర్ చూసుకోండి.

సూళ్లూరుపేట_ఐసుబాక్సు
అక్కా, ఈ మాట మా రేవులో కూడా అందరూ అంటారు. పెద్దవాళ్లు ఊరికే అనరు, కాదనను. కానీ నేను పున్నమి మర్నాడు నిండు సరుకు కొన్నాను, అమావాస్యకు గుల్ల సరుకుతో నష్టపోయాను. ఒకే వలలో పది పీతలు పడితే ఒక్కొక్కటి ఒక్కో దశలో ఉంటుంది. చంద్రుణ్ణి చూసి కొనేకంటే చేత్తో తూచి కొనడం మేలు.

నెల్లూరు_టు_కర్నూలు
మీరు వ్యాపారం చేసేవాళ్లు, అన్ని రోజులూ అమ్మాలి. నేను మాత్రం మా అమ్మ మాటే వింటా. ఇప్పటిదాకా నష్టపోలేదు.

సంగటి_ముద్ద
రెండూ చూస్తే పోలా? అమావాస్య నాడు పోయి చేత్తో తూచి కొంటే ఇద్దరి మాటా నిలబడుతుంది.

హంద్రీ_కర్నూలు
చేత్తో తూచడం అంటే ఎట్లా అన్నా? తక్కెడలో ఎటూ తూస్తారు కదా.

సూళ్లూరుపేట_ఐసుబాక్సు
ఒకే సైజువి రెండు తీసుకుని చేతికొకటి పట్టుకోండి. బరువు తేడా తెలిసిపోతుంది. నిండు పీత రాయిలాగ ఉంటుంది. తర్వాత వెల్లకిలా తిప్పి, డొప్ప అంచున పొడుగు ముల్లు ఉంటుంది చూడండి, దానికి కాస్త లోపలగా బొటనవేలితో నొక్కండి. పలక మీద నొక్కినట్టు ఉండాలి. అట్టముక్కలాగ లోపలికి పోతే వదిలేయండి. పెద్ద కాలి మొదట్లో కూడా అంతే.

వాసన తప్పకుండా చూడండి. సిగ్గుపడకుండా ముక్కు దగ్గర పెట్టుకోండి. ఉప్పునీటి వాసన ఉంటే మంచిది. ముక్కులో గుచ్చే ఘాటు వాసన కొంచెం వచ్చినా వద్దు. కాళ్లు ఊడి రావడం, కీళ్ల దగ్గర నల్లబడటం కూడా పాతబడిందనే గుర్తు. ఒకటి రెండు కాళ్లు లేనంత మాత్రాన చెడ్డది కాదు, వల నుంచి తీసేటప్పుడు విరుగుతాయి.

ఇంకొకటి, పెట్టెలో కరిగిన ఐసు నీళ్లలో పీతలు తేలుతుంటే కొనకండి. ఆ నీళ్లలో నానితే కండలోని రుచంతా పోతుంది. నేను పంపే పెట్టెకు అడుగున రంధ్రం ఉంటుంది, కింద ఒక వరుస ఐసు, పైన ఒక వరుస, మధ్యలో పీతలను బోర్లా పేర్చాలి. వేసవిలో దారిలో ఒకసారి ఐసు మార్చకపోతే పెట్టెకు పెట్టె పారేయాల్సిందే. మొదటి ఏడాదే ఆ దెబ్బ తిన్నా.

నంద్యాల_డాక్టరమ్మ
కడప_కారం గారు, మీ అమ్మగారు ఆ రెండింటినీ పారేయడం చాలా మంచి పని. ఆ ఘాటు వాసన అమ్మోనియాది. ఎండ్రకాయ చనిపోయాక దాని పొట్టలోని జీర్ణరసాలే దాని కండను కరిగించడం మొదలుపెడతాయి, బ్యాక్టీరియా తోడవుతుంది. చేపకంటే తొందరగా పాడవుతుంది. అల్లం, వెల్లుల్లి, మసాలా దట్టించి వాసన కప్పేస్తారు కొందరు. వాసన పోయినంత మాత్రాన మంచిదైపోదు.

ఇంకో మాట. మొదటిసారి పిల్లలకు పెట్టేవాళ్లు కొంచెంగా పెట్టి చూడండి. రొయ్యలు పడనివాళ్లకు ఎండ్రకాయలు కూడా పడకపోయే అవకాశం ఎక్కువ, రెండింటిలోనూ అలర్జీ తెప్పించే ప్రోటీన్ ఒకే జాతిది. అది ఎంత ఉడికించినా పోదు. పెదాలు, నాలుక దురద పెట్టడం, దద్దుర్లు, ముఖం వాచడం కనిపిస్తే ఆపేయండి. ఊపిరి ఆడకపోతే ఇంట్లో మజ్జిగ తాగిస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. ఇది టెన్షన్ పెట్టడానికి కాదు, చూసిన కేసులు ఉన్నాయి కాబట్టి చెప్తున్నాను.

అనంత_మళ్లకాడ
మీరంతా సముద్రం గురించి మాట్లాడుతున్నారు, మాకు ఎండ్రకాయ అంటే మళ్లలోదే. మాది తుంగభద్ర ఎగువ కాలవ కింద ఊరు. చిన్నప్పుడు వరి మడి గెనిమల్లో (గట్లలో) బొక్కలు ఉండేవి. బొక్క ముందర తడి మట్టి ఉండలు కొత్తగా తోసి ఉంటే ఎండ్రకాయ ఉన్నట్టు. నోరు నున్నగా, పొడిగా ఉంటే చెయ్యి పెట్టకూడదు, పాము ఉండొచ్చని మా నాయన చెప్పేవాడు. కోడి పేగు దారానికి కట్టి బొక్క ముందర ఆడిస్తే అదే బయటికొచ్చి పట్టుకునేది, వదిలేది కాదు.

మా అవ్వ వాటిని రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచి, నీళ్లు పోసి గుడ్డలో వడకట్టి, ఆ నీళ్లతో మిరియాల చారు కాచేది. వానాకాలంలో పడిశం పడితే అదే మందు. ఇప్పుడు ఆ కాలవ కిందే నాకు రెండెకరాలు ఉంది, గెనిమ పొడుగునా నడిచినా ఒక్క బొక్క కనపడదు. మేము కొట్టే మందులకు అవి ఎట్లా బతుకుతాయి? పోయిన రెండేళ్లుగా ఒక మడిలో గుళికలు వేయడం మానేసినా. ఎండ్రకాయలు వస్తాయేమో చూడాలని.

పెన్నా_టీచర్
అనంత_మళ్లకాడ గారు, గుళికలు మానేయడం చదివి సంతోషమైంది. ఎండ్రకాయ ఆడది పొట్ట కింద పిల్లల్ని మోయడం చూశారా ఎప్పుడైనా?

అనంత_మళ్లకాడ
ఎందుకు చూడలేదు సార్. పొట్ట కింద మూత తెరిస్తే ఆవగింజంత ఎండ్రకాయ పిల్లలు గుంపుగా ఉండేవి. అట్లాంటిది దొరికితే మా నాయన తిరిగి నీళ్లలో వదలమనేవాడు.

పెన్నా_టీచర్
మళ్లలోని ఎండ్రకాయకూ సముద్రపు దానికీ పెద్ద తేడా అక్కడే ఉంది. మంచినీటి ఎండ్రకాయ గుడ్డులోనే పూర్తిగా పెరిగి, చిన్న ఎండ్రకాయగానే బయటికొస్తుంది, కొన్నాళ్లు తల్లి పొట్ట కిందే ఉంటుంది. సముద్రపు నీలి పీత అలా కాదు. లక్షల గుడ్లు పెడుతుంది, వాటిలోంచి కంటికి సరిగా ఆనని లార్వాలు వచ్చి ఉప్పునీటిలో తేలుతూ, రూపాలు మార్చుకుంటూ చివరికి పీత అవుతాయి. చాలావరకు చేపల నోట్లోకి పోతాయి. అందుకే అన్ని గుడ్లు.

హంద్రీ_కర్నూలు
సార్, మరి సోమశిల వెనక నీళ్లలోనో బ్రహ్మంసాగర్‌లోనో ఈ నీలంవి వదిలి పెంచితే? మనకు కావలసినన్ని తాజాగా దొరుకుతాయి కదా.

పెన్నా_టీచర్
బతకవు. మంచినీటిని అది తట్టుకోలేదు, లార్వాలకైతే ఉప్పునీరు ఉండి తీరాలి. పులికాట్ లాంటి చోట సముద్రపు నీళ్లు వచ్చి కలుస్తాయి కాబట్టి అక్కడ పెరుగుతాయి. మన జలాశయాల్లో బొచ్చ, రవ్వ, కొర్రమీనే.

నంద్యాల_డాక్టరమ్మ
మళ్లల్లోని ఎండ్రకాయల గురించి ఒక హెచ్చరిక. దంచి వడకట్టిన నీళ్లను బాగా మరిగించాలి, పచ్చిగా తాగకూడదు. మంచినీటి ఎండ్రకాయల్లో ఊపిరితిత్తులకు పట్టే ఒక రకం పురుగు ఉండొచ్చు. మణిపూర్ లాంటి ఈశాన్య రాష్ట్రాల్లో సరిగా ఉడకని ఎండ్రకాయలు తిని ఈ జబ్బు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. దగ్గులో రక్తం పడుతుంది, క్షయ అనుకుని పొరపాటుపడేవాళ్లూ ఉంటారు. దంచిన రోలు, చేతులు కూడా బాగా కడగాలి.

అనంత_మళ్లకాడ
మా అవ్వ పొంగు వచ్చేదాకా కాదు, చాలాసేపు మరిగించేది మేడమ్. ఇప్పుడు అర్థమైంది ఎందుకో.

సంగటి_ముద్ద
వంట సంగతికి రండి. కడప_కారం, పులుసు ఎట్లా పెట్టారు?

కడప_కారం
ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, ఎండుకొబ్బరి, ధనియాలు, గసాలు వేయించి నూరి, చింతపండు పులుసు పోసి, ఎండ్రకాయలు వేసి ముక్కాలు గంట ఉడికించింది అమ్మ.

నెల్లూరు_టు_కర్నూలు
ముక్కాలు గంటా! ఉన్న కండ కూడా అందుకే దారమైంది. పీత మటన్ కాదు. పులుసు ముందే మరిగించి, నూనె పైకి తేలాక పీతలు వేసి, మూత పెట్టి పది పన్నెండు నిమిషాలు. పెద్ద డెక్కలను ముందే ఒక్క దెబ్బ కొట్టి పగుళ్లిచ్చి వేయాలి, పులుసు లోపలికి పోతుంది. గసాలు, ఎండుకొబ్బరి రెండూ దట్టంగా వేస్తే పీత తియ్యదనం తెలియదు. పచ్చిమామిడి దొరికే కాలమైతే చింతపండు తగ్గించి నాలుగు ముక్కలు వేయండి.

అనంత_మళ్లకాడ
చెనక్కాయ పొడి రెండు చెంచాలు వేయండి చివర్లో. పులుసు చిక్కబడుతుంది, ముద్దలోకి బాగా పట్టుకుంటుంది.

నెల్లూరు_టు_కర్నూలు
పీతల పులుసులో వేరుశెనగ పొడా? అన్నా, వంకాయ కూర అనుకున్నారా?

అనంత_మళ్లకాడ
ఒకసారి వేసి చూడక్కా, తర్వాత తిట్టు.

సంగటి_ముద్ద
నా ఓటు చెనక్కాయ పొడికే. నీలం ఎండ్రకాయ దొరికితే నేను మిరియాలు, జీలకర్ర, కరివేపాకు, ఎర్రగడ్డలు వేసి వేపుడు చేస్తా. పులుసులో నానబెట్టే పని లేదు.

కడప_కారం
శుభ్రం చేసేటప్పుడు లోపల పసుపుపచ్చగా ఉన్నదాన్ని అమ్మ తీసేసింది. అది తినొచ్చా?

సూళ్లూరుపేట_ఐసుబాక్సు
పైడొప్ప తీయగానే రెండు పక్కలా బూడిద రంగులో దూదిపింజల్లాగ ఉండేవి మొప్పలు, అవి తీసేయాలి. నోటి దగ్గర చిన్న సంచి ఉంటుంది, అది జీర్ణకోశం, అదీ తీసేయాలి. ఆ పసుపు ముద్ద కొవ్వు అంటారు గాని నిజానికి దాని కాలేయం లాంటిది. రేవులో అప్పుడే పట్టిన దాంట్లో మేము తింటాం. కడప దాకా ఐసులో వచ్చినదాంట్లో మొదట పాడయ్యేది అదే. మీ అమ్మగారు తీసేయడమే సరి. ఆడదాని లోపల ఎర్రటి గుడ్డు గట్టిగా ఉంటే అది వేరే, తినొచ్చు.

హంద్రీ_కర్నూలు
ఆడా మగా ఎట్లా కనుక్కునేది?

సూళ్లూరుపేట_ఐసుబాక్సు
వెల్లకిలా తిప్పితే పొట్ట మీద మూత కనిపిస్తుంది. సన్నగా, కోసుగా ఉంటే మగది. వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఎదిగిన ఆడది. రంగు కూడా చెప్తుంది: మంచి నీలం మగదే, ఆడది మట్టి రంగులో ఉంటుంది. కడప_కారం గారు కొన్నవి నీలం కాబట్టి దాదాపు అన్నీ మగవే అయి ఉంటాయి. డెక్కల్లో కండ మగదానికి ఎక్కువ.

పొట్ట మూత కింద గుడ్లు బయటికి స్పాంజిలాగ వేలాడుతుంటే దయచేసి కొనకండి. మొదట నారింజ రంగులో ఉంటాయి, పొదిగే సమయానికి నల్లబడతాయి. ఆ దశలో పట్టిన ఒక్క పీతతో లక్షల పిల్లలు పోయినట్టే. కొనేవాళ్లు అడగడం మానేస్తే తెచ్చేవాళ్లు తగ్గుతారు. నేను అలాంటివి ఎత్తను. ఈ విషయంలో మా రేవులో చాలామందితో గొడవ కూడా పడ్డాను.

మైదుకూరు_టు_మేరీల్యాండ్
ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. నేనుండే అమెరికాలోని మేరీల్యాండ్‌లో నీలి పీత ఊరి గౌరవం లాంటిది. ఇక్కడ చీసపీక్ అనే పెద్ద ఉప్పునీటి అఖాతం ఉంది, వేసవి వస్తే ఊరంతా పీతల విందులే. బల్ల మీద కాగితం పరిచి, ఆవిరి మీద ఉడికించిన పీతలను కుప్పగా పోసి, చెక్క సుత్తితో కొట్టుకుని తింటారు. ఓల్డ్ బే అనే మసాలా చల్లుతారు, మన నాలుకకు చప్పగా ఉంటుంది. నేను ఇంటి నుంచి గొడ్డుకారం పొట్లం తీసుకుపోతా.

పట్టడం సరదాగా ఉంటుంది. కోడి మెడ ముక్కను దారానికి కట్టి నీళ్లలో వేస్తాం, లాగుడు తెలిస్తే మెల్లగా పైకి తెచ్చి జల్లెడవలతో అందుకుంటాం. అనంత_మళ్లకాడ గారి కోడి పేగు గుర్తొచ్చి నవ్వుకున్నాను. కానీ సరదాగా పట్టుకునే మాలాంటివాళ్లు ఆడపీతను ఇంటికి తీసుకుపోకూడదు, నీళ్లలో వదిలేయాల్సిందే. మగదైనా కనీస కొలతకు (కాలాన్ని బట్టి 5 లేదా 5.25 అంగుళాలు) తక్కువ ఉంటే వదలాలి. మా చేతిలో కొలబద్ద ఉంటుంది.

పెన్నా_టీచర్
అది వేరే పీత. అట్లాంటిక్ నీలి పీత, శాస్త్రంలో కాలినెక్టెస్ సాపిడస్. మొదటి మాటకు అందంగా ఈదేది అని, రెండోదానికి రుచిగలది అని అర్థం. 1896లో మేరీ రాత్‌బన్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు. మన బంగాళాఖాతంలోది పోర్ట్యూనస్ రెటిక్యులేటస్. అంతకుముందు హిందూ మహాసముద్రం, పశ్చిమ పసిఫిక్ అంతటా ఉన్నది ఒకటే జాతి అనుకుని పోర్ట్యూనస్ పెలాజికస్ అనేవారు. 2010లో దాన్ని నాలుగు జాతులుగా విడదీశారు. పాత పేరే చాలాచోట్ల ఇప్పటికీ వాడుకలో ఉంది.

హంద్రీ_కర్నూలు
మా పాప అడుగుతోంది, నీలం ఎండ్రకాయ ఉడికితే ఎర్రగా ఎందుకు మారుతుంది అని. మసాలా వల్ల అని చెప్పినా, నమ్మలేదు.

పెన్నా_టీచర్
నమ్మకపోవడమే మంచిదైంది. ఉత్త నీళ్లలో ఉడికించినా ఎర్రబడుతుంది. దాని డొప్పలో ఆస్టాజాంతిన్ అనే ఎర్ర రంగు మొదటి నుంచీ ఉంటుంది. ఒక ప్రోటీన్ దాన్ని పట్టుకుని ఉన్నంతసేపు మన కంటికి నీలంగా కనిపిస్తుంది. వేడికి ఆ ప్రోటీన్ విడిపోగానే లోపలి ఎరుపు బయటపడుతుంది. పాపకు ఇంకొకటి చెప్పండి: ఎండ్రకాయ రక్తంలో మనలాగ ఇనుము కాదు, రాగి ఉంటుంది. అందుకే దాని రక్తం నీలంగా ఉంటుంది. ఉడికిన కండ మీద అక్కడక్కడ నీలి బూడిద మరకలు కనిపించేది కూడా చాలావరకు ఆ రాగి వల్లే.

హంద్రీ_కర్నూలు
చెప్పినా సార్. "మరి సంగటిలో ఏముంటుంది" అని అడిగింది.

సంగటి_ముద్ద
బలం ఉంటుందని చెప్పు.

కడప_కారం
సూళ్లూరుపేట అన్నా, ఒక సందేహం. మాకు మంచి సరుకే రావట్లేదా? నాకు దొరికినవి చూస్తే మిగిలిపోయినవి పంపుతున్నారేమో అనిపించింది.

సూళ్లూరుపేట_ఐసుబాక్సు
దాచకుండా చెప్తా. సాయంత్రం వల అడుగున దించి తెల్లవారుజామున లాగుతారు. ఒడ్డుకు రాగానే సరుకు మూడు భాగాలవుతుంది. పెద్దవి, నిండువి కంపెనీ ఏజెంట్లు ఎత్తుకుంటారు. వాటిని ఉడికించి, ఆడవాళ్లు వరుసగా కూర్చుని చేత్తో కండ తీస్తారు. వెన్ను దగ్గర పెద్ద ముక్క ఒక ధర, విడి కండ ఒక ధర, డెక్క కండ ఇంకో ధర. డబ్బాల్లో పెట్టి పాశ్చరైజ్ చేసి చల్లగా ఉంచి అమెరికా పంపుతారు. మేరీల్యాండ్ అన్న తినే పీత కేకులో (పీత కండతో చేసే వడ లాంటిది) మన బంగాళాఖాతం కండ కూడా ఉండొచ్చు. కిలో పీతలు కొడితే వచ్చేది పావు కిలో, మహా అయితే 300 గ్రాముల కండ. అందుకే వాళ్లు నీళ్ల పీతను ముట్టుకోరు, చేత్తో నొక్కి పక్కకు విసురుతారు.

రెండో భాగం చెన్నై పోతుంది. మూడో భాగం లోపలి ఊళ్లకు. అందులో మంచివీ ఉంటాయి, కంపెనీ విసిరేసినవీ ఉంటాయి. నేను ఏరి పంపుతాను, అందరూ ఏరరు. ఏరితే పెట్టెకు ధర పెరుగుతుంది, మీ మార్కెట్లో అంత ధరకు ఎవరూ తీసుకోరు. కడప, కర్నూలు జనం నిండు పీతకు, గుల్ల పీతకు తేడా అడగడం మొదలుపెడితే మేమూ అట్లాగే పంపుతాం. ఇప్పుడు అందరూ సైజే అడుగుతారు.

నెల్లూరు_టు_కర్నూలు
ఇది మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. మా వీధిలో అందరూ "పెద్దవి ఉన్నాయా" అనే అడుగుతారు. ఇకమీదట నేను ముల్లు దగ్గర నొక్కి చూస్తా. పున్నమి కూడా చూస్తా.

అనంత_మళ్లకాడ
పట్టేవాళ్లకు ఎంత దక్కుతుంది అన్నా?

సూళ్లూరుపేట_ఐసుబాక్సు
రోజును బట్టి. వల నిండా పడినా చినిగిపోయిన వల బాగు చేసుకోవడానికే సగం పోతుంది, పీత ముల్లు వలను బతకనివ్వదు. ఒక్కో పీతను విడదీయడానికి ఓపిక కావాలి, తొందరపడితే కాళ్లు విరిగి ధర పోతుంది. మడ పీత పట్టే యానాది కుటుంబాలు మాకు దగ్గరే ఉన్నాయి. బురదలో బొక్కలు చూసి కొక్కెం కడ్డీతో లాగుతారు. చేతుల నిండా గాట్లే. ఆ చేతులు చూశాక నేను వాళ్ల దగ్గర బేరం ఆడటం మానేశాను.

సంగటి_ముద్ద
సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అంటారు. పీతను పట్టేవాళ్ల కష్టాలు ఎవరూ చెప్పలేదు, ఈరోజు తెలిసింది.

మైదుకూరు_టు_మేరీల్యాండ్
ఇక్కడ దుకాణంలో డబ్బా తిప్పి చూశా. ఒకదాని మీద భారత్ అని ఉంది. మా ఆవిడకు చూపిస్తే "మన ఊరికి దగ్గర్నుంచే వచ్చిందేమో" అని కొనేసింది.

కడప_కారం
రెండు వారాల తర్వాత రాస్తున్నా. నిన్న మళ్లీ పోయినా, అదే ఆయన దగ్గరికి. ముందు సారీ చెప్పినా, పోయినసారి మీ మాట వినలేదని. నవ్వినాడు. ఈసారి నేనే వంగి ఒక్కొక్కటి తిప్పి, ముల్లు దగ్గర నొక్కి, చేతిలో తూచి, వాసన చూసి ఏరినా. పక్కనున్నవాళ్లు వింతగా చూసినారు. పదిహేను చూస్తే ఐదు తేలినాయి. చిన్నవే, పైన తెల్ల గుల్లలు అతుక్కుని, అడుగున పసుపు పట్టి ఉన్నాయి. మంచివి ఏరుకున్నారు కాబట్టి ధర తగ్గించనన్నాడు, నేనూ అడగలేదు.

నెల్లూరు అక్క చెప్పినట్టు పులుసు ముందు మరిగించి పన్నెండు నిమిషాలు. అనంతపురం అన్న చెప్పినట్టు చివర్లో చెనక్కాయ పొడి ఒక చెంచా, అమ్మ ఒప్పుకోలేదు గాని నేనే వేసినా. ఐదుకు ఐదూ నిండుగా ఉన్నాయి. డెక్క పగలగొడితే కండ ముక్కగా చేతికి వచ్చింది. మా అమ్మ డెక్క చీకుతూ, చిన్నప్పుడు కేసీ కాలవలో పట్టిన ఎండ్రకాయల రుచి గుర్తొచ్చిందని చెప్పింది. ఆ మాట తర్వాత చాలాసేపు కాలవ కబుర్లే.

అనంత_మళ్లకాడ
చెనక్కాయ పొడి ఎట్లా ఉండింది, అది చెప్పు ముందు.

కడప_కారం
పులుసు చిక్కగా, బాగుండింది అన్నా. అమ్మ రెండోసారి వేసుకుంది, ఎందుకు బాగుందో మాత్రం అడగలేదు.

నెల్లూరు_టు_కర్నూలు
సరే, ఈ అమావాస్యకు నేనూ ఒక చెంచా వేసి చూస్తా. ఒక్క చెంచానే.

హంద్రీ_కర్నూలు
బావమరిది వాళ్లకు చెప్పినావా?

కడప_కారం
ఫోటో పంపినా. పిల్లలు గొడవ చేస్తున్నారంట, వచ్చే నెలలో వస్తామన్నారు.

సూళ్లూరుపేట_ఐసుబాక్సు
ఏప్రిల్ 15 లోపల రమ్మనండి. ఆ రోజు నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో సరుకు తక్కువ, దొరికినవాటిలో కోల్డ్ స్టోరేజీలో నిల్వ పెట్టినవీ ఉంటాయి. ఎప్పుడొస్తున్నారో ఖాయం కాగానే రెండు రోజుల ముందు ఇక్కడే ఒక మాట రాయండి. నిండువి నేను నొక్కి చూసి కడపకు వచ్చే పెట్టెలో వేయిస్తా.